క్రానిక్ పాంక్రియాటైటిస్: నొప్పి ఒక్కటే చూసుకుంటే సరిపోదు

పొట్ట పైభాగంలో నొప్పి వస్తే హైదరాబాద్‌లో దానికి ముందు పడే పేరు "గ్యాస్". పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్ మాత్ర, మరీ ఓర్చుకోలేకపోతే వీధి చివర క్లినిక్‌లో ఒక నొప్పి సూది. ఇలా రెండు మూడేళ్లు నెట్టుకొచ్చాక ఎవరో స్కాన్ రాస్తారు. పాంక్రియాస్‌లో రాళ్లున్నాయనీ నాళం ఉబ్బిందనీ అప్పుడు తెలుస్తుంది.

పాంక్రియాస్, అంటే క్లోమం, కడుపు వెనకాల వెన్నెముకకు ఆనుకుని అడ్డంగా పడుకున్నట్టుండే గ్రంథి. దానికి రెండు పనులు. కొవ్వు, మాంసకృత్తులు, పిండిపదార్థాలను అరిగించే రసాలను ఒక నాళం గుండా చిన్నపేగులోకి పంపడం ఒకటి, ఇన్సులిన్ తయారుచేయడం రెండోది. మళ్లీ మళ్లీ వాచి, వాచిన చోట మచ్చ కట్టి గట్టిపడిపోతే అది క్రానిక్ పాంక్రియాటైటిస్. గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. మిగిలిన భాగాన్ని కాపాడుకోవడం, పోయిన పనిని మందులతో భర్తీ చేయడం, కొత్త ముప్పును తొందరగా పసిగట్టడం మాత్రం చేతిలో ఉన్న పనులు.

ఒక సంగతి మొదటే చెప్పాలి. కొందరికి కొన్నేళ్లయ్యాక నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. జబ్బు నయమైందని మందులు మానేస్తారు. చాలాసార్లు జరిగేది వేరు: నొప్పి పుట్టించేంత గ్రంథి లోపల మిగల్లేదు. సరిగ్గా ఆ దశలోనే అరుగుదల చెడిపోవడం, షుగర్ రావడం, ఎముకలు గుల్లబారడం మొదలవుతాయి. వీటిలో ఏదీ నొప్పి పెట్టదు కాబట్టి మనమే వెతకాలి.

నొప్పి ఎలా ఉంటుంది, ఎలా రాసుకోవాలి

బొడ్డుకు పైన, పక్కటెముకల కింద మొదలై వీపులోకి దూసుకుపోవడం దీని గుర్తు. తిన్న తర్వాత పెరుగుతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి మోకాళ్లు పొట్టకు ఆనించుకుంటే కాస్త సర్దుకుంటుంది. ఎసిడిటీ మంటకు ఇలా ముందుకు వంగితే ఉపశమనం దొరకడం మామూలుగా ఉండదు. ఈ తేడాను డాక్టరుకు చెప్పడం మరవకండి.

నొప్పి రెండు రకాలుగా నడుస్తుంది. కొందరికి కొన్ని రోజులు పట్టి వదిలేసి, నెలలపాటు ఏమీ ఉండదు. మరికొందరికి రోజూ సన్నగా ఉండి, మధ్యమధ్య ఒక్కసారిగా లేస్తుంది. చికిత్స ఏ దారిన వెళ్లాలన్నది కొంతవరకు దీన్నిబట్టే తేలుతుంది కాబట్టి ఒక నోటుబుక్‌లో తేదీ, ఎన్ని గంటలు ఉంది, 10లో ఎంత, అంతకుముందు ఏం తిన్నారు, ఏ మాత్రకు తగ్గింది, రాత్రి నిద్ర పట్టిందా అన్నవి రాసిపెట్టండి. మూడు నెలల రాత ముందు పెడితే పది నిమిషాల ఓపీలో కూడా పని జరుగుతుంది.

నొప్పి మాత్రల్లో మొదటిది పారాసిటమాల్. సన్నబడిపోయినవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు రోజుకు 2 గ్రాములు దాటకపోవడం మంచిది. 650 మాత్రలైతే మూడు వేసుకుంటే 1,950 మిల్లీగ్రాములు, అక్కడితో సరి. డైక్లోఫెనాక్ సూదులు పదే పదే వేయించుకుంటే కిడ్నీ, కడుపు రెండూ దెబ్బతింటాయి. ట్రమడాల్ లాంటివి పనిచేస్తాయి కానీ అలవాటు పడిపోతాయి, మోతాదు పెంచుతూ పోవలసి వస్తుంది. నెలల తరబడి అవి లేకుండా గడవని స్థితి వస్తే మాత్ర మార్చడం గురించి కాక, నాళంలో అడ్డం తీయడం గురించి అడగాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఆ అడ్డం ప్రధాన నాళంలో 5 మిల్లీమీటర్లకు మించిన రాయి అయితే బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టి, తర్వాత ఈఆర్‌సీపీతో (నోటిగుండా గొట్టం దింపి నాళంలోకి చేరే పద్ధతి) ముక్కలు తీసి, అవసరమైతే స్టెంట్ అనే సన్నని గొట్టం పెడతారు. పాంక్రియాస్ రాళ్లను ఇలా పగలగొట్టడంలో గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రికి సుదీర్ఘ అనుభవం ఉంది. నాళం బాగా ఉబ్బి, రాళ్లు నిండిపోయి, తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లకు ఆపరేషన్ త్వరగా చేయించుకోవడమే ఎక్కువ ఉపశమనం ఇస్తుందని 2020లో వెలువడిన డచ్ పరిశోధన చూపింది. "ముందు అన్నీ అయ్యాక చివరికి ఆపరేషన్" అన్న పాత పద్ధతిని సర్జన్‌తోనూ ఒకసారి మాట్లాడి తేల్చుకోవాలి. నొప్పి లేనివాళ్లకు రిపోర్టులో రాయి కనబడిందని మాత్రమే పగలగొట్టించుకోనక్కర్లేదు.

ఇంకో పొరపాటు. రక్తంలో అమైలేజ్, లైపేజ్ (పాంక్రియాస్ తయారుచేసే ఎంజైమ్‌లు, అంటే అరిగించే పదార్థాలు) నార్మల్ వచ్చాయి కాబట్టి పాంక్రియాస్ బాగుందనుకోవడం. అవి హఠాత్తుగా వాచినప్పుడు పెరిగే లెక్కలు. గ్రంథి ఎండిపోయాక పెరగడానికి లోపల సరుకే ఉండదు. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల గాలి అడ్డొచ్చి పాంక్రియాస్ సరిగా కనబడకపోవచ్చు. రాళ్లకు సీటీ, నాళానికి ఎంఆర్‌సీపీ (నాళాలను చూపే ఎంఆర్ఐ), తొలిదశ మార్పులకు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టం దింపి లోపలి నుంచి చూసే స్కాన్) తగినవి.

దొడ్డికి వెళ్లినప్పుడు చూడాల్సింది

చెప్పుకోవడానికి సిగ్గుపడే లక్షణం ఇదే. అందుకే ఆలస్యంగా బయటపడుతుంది. కొవ్వును అరిగించే లైపేజ్ పదో వంతుకు పడిపోయాక మలంలో నూనె కనబడటం మొదలవుతుంది. అంటే ఈ గుర్తు కనిపించేసరికే జబ్బు చాలా దూరం వచ్చేసిందని అర్థం.

మలం ఎక్కువ పరిమాణంలో, పాలిపోయిన పసుపు రంగులో, జిడ్డుగా, భరించలేని వాసనతో వస్తుంది. వెస్టర్న్ కమోడ్‌లో నీటి మీద తేలుతుంది, పైన కూరలో తేలే నూనెలా తెట్టు కడుతుంది, రెండు మూడుసార్లు ఫ్లష్ చేసినా పోదు. ఇండియన్ లెట్రిన్‌లో తేలడం కనబడదు, అక్కడ గుర్తు వేరు: బేసిన్‌కు అంటుకుపోయి మగ్గుల కొద్దీ నీళ్లు పోసినా వదలదు. ఒట్టిగా తేలడం ఒక్కటే గుర్తు కాదు, గ్యాస్ ఉన్నా తేలుతుంది. జిడ్డు, వాసన, ఒళ్లు తగ్గడం మూడూ కలిస్తే గట్టిగా అనుమానించాలి. నూనె భయంతో అన్నం చారూ మాత్రమే తినేవాళ్లకు ఈ జిడ్డు కనబడదు, ఒళ్లు మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

బరువు వారానికోసారి, ఒకే తూకం మిషన్ మీద, పొద్దున కాలకృత్యాలయ్యాక ఏమీ తినకముందు చూడండి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో 3 కిలోలు తగ్గితే లెక్కలోకి తీసుకోవాల్సిందే.

తేల్చుకోవడానికి చేసే పరీక్ష పేరు మలంలో ఎలాస్టేజ్, ఇది కూడా పాంక్రియాస్ ఎంజైమే. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం, 100 కంటే తక్కువైతే తీవ్రమైన లోపం. శాంపిల్ గట్టిపడిన మలం అయ్యుండాలి. నీళ్ల విరేచనం ఇస్తే పలచబడిపోయి లేని లోపం ఉన్నట్టు చూపిస్తుంది. ఎంజైమ్ క్యాప్సూళ్లు (తగ్గిన అరుగుదల రసాలకు బదులు వేసుకునేవి) వాడుతున్నా ఈ పరీక్షకు ఆపనక్కర్లేదు.

ఎంజైమ్ క్యాప్సూళ్లు వేసుకునే పద్ధతి

ఈ జబ్బులో మందు కంటే అది వేసుకునే తీరు ముఖ్యమైన చోటు ఇది. పెద్ద భోజనానికి మొదలుపెట్టే మోతాదు 40,000 నుంచి 50,000 లైపేజ్ యూనిట్లు, చిరుతిండికి 20,000 నుంచి 25,000. మన దగ్గర 10,000, 25,000, 40,000 యూనిట్ల క్యాప్సూళ్లు దొరుకుతాయి. పూటకు ఒక్క 10,000 క్యాప్సూల్ వేసుకుని "పనిచేయట్లేదు" అనేవాళ్లు చాలామంది. పనిచేయనిది మందు కాదు, చాలనిది మోతాదు. పెంచడం మాత్రం డాక్టరును అడిగే చేయాలి.

ఎంజైమ్ అన్నంతో కలిసి పేగులోకి దిగాలి. అరగంట ముందు వేసుకుంటే ఒంటరిగా దిగిపోతుంది, చేతులు కడుక్కున్నాక వేసుకుంటే అన్నం ముందే వెళ్లిపోతుంది. 25,000వి రెండు వేసుకోవాలంటే పప్పన్నం మొదటి ముద్దతో ఒకటి, చారులోకి వచ్చేసరికి రెండోది. బిర్యానీ, నిహారీ, హలీం లాంటివి తినే పూట ఎంత పెంచాలో ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. ఉస్మానియా బిస్కెట్లతో ఇరానీ చాయ్ చిరుతిండి కిందికే వస్తుంది. పళ్లెంలో పెట్టింది జామకాయ ముక్కలైతే, లేదా పాలు లేని టీ అయితే క్యాప్సూల్ అవసరం లేదు.

క్యాప్సూల్‌ను నమలకూడదు. లోపలి గింజలకు ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉంటుంది, అది పోతే కడుపులోని యాసిడ్ ఎంజైమ్‌ను చంపేస్తుంది. మింగలేనివాళ్లు తెరిచి, గింజలను ఉడికించి మెత్తగా చేసిన ఆపిల్ లాంటి పుల్లని పదార్థంలో కలిపి వెంటనే మింగి, నీళ్లు తాగాలి. వేడి అన్నంలోనూ పాలలోనూ కలపకూడదు. పాలలో పూత కరిగిపోతుంది. వేసుకున్నా జిడ్డు తగ్గకపోతే గ్యాస్ మాత్ర తోడు చేస్తారు. పాంక్రియాస్ నుంచి వచ్చే క్షారం కూడా తగ్గిపోయి పేగు మొదట్లోనే యాసిడ్ ఎక్కువగా ఉండటం దానికి కారణం. గ్యాస్ మాత్ర నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

డబ్బాను 25 డిగ్రీల లోపు ఉంచాలి. ఏప్రిల్, మే ఎండల్లో కారు డాష్‌బోర్డులో, స్కూటీ డిక్కీలో వదిలేసిన డబ్బా పారేయడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆఫీసుకు ఆ రోజుకు కావలసినన్ని మాత్రమే తీసుకెళ్లండి.

అరుగుదల సిరప్‌లు దీనికి బదులు కావు. వాటిలో మామూలుగా ఉండే డయాస్టేజ్, పెప్సిన్ కొవ్వును అరిగించవు. ఇంకొకటి, ఈ క్యాప్సూళ్లు పంది పాంక్రియాస్ నుంచి తీసినవి. ఈ విషయం తెలిశాక మతపరమైన, శాకాహార సంకోచంతో చెప్పకుండా మానేసేవాళ్లున్నారు. మానే ముందు డాక్టరుతో, కావాలంటే తాము నమ్మే మతపెద్దతో మాట్లాడటం మేలు.

కొవ్వు పూర్తిగా మానేయమనే సలహా ఇంకా చెలామణిలో ఉంది. ఎంజైమ్ సరిపడా వేసుకునేవాళ్లకు అది నష్టమే, ఉన్న కండ కూడా పోతుంది. రోజుకు 5, 6 సార్లు కొంచెం కొంచెంగా తినాలి. కిలో బరువుకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలి: పప్పు, పెరుగు, గుడ్లు, చేప, చికెన్. మిరపకాయ బజ్జీల లాంటి వేపుడు ఒకే పూట ఎక్కువగా పడితేనే ఇబ్బంది. ఆరోగ్యానికి మంచిదని పీచు మరీ ఎక్కువగా తిన్నా ఎంజైమ్ పని మందగిస్తుంది.

ఈ షుగర్ వేరు

పాంక్రియాస్ దెబ్బతిన్నందుకు వచ్చే షుగర్‌ను డాక్టర్లు టైప్ 3సీ అంటారు. ఇందులో ఇన్సులిన్‌తో పాటు, షుగర్ పడిపోకుండా లేపే గ్లూకగాన్ కూడా తగ్గిపోతుంది. అందుకని ఎక్కువైనప్పుడు బాగా ఎక్కువ, పడిపోయినప్పుడు ప్రమాదకరంగా తక్కువ. ఇన్సులిన్ వేసుకుని ఎంజైమ్ మరచిపోతే తిన్నది సరిగా ఒంటికి అందదు, సూది మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అర్ధరాత్రి చెమటలు పట్టి, వణుకుతూ లేవడానికి ఇదొక కారణం. ఉపవాసాలు, రోజాలు ఉండాలనుకునేవాళ్లు ముందే డాక్టరును అడిగి తీరాలి.

షుగర్ 70 కంటే కిందికి పడితే మూడు టీ చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి. షుగర్ లేనివాళ్లు కూడా ఏడాదికోసారి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చేయించుకోవాలి. సన్నగా ఉండే 20, 25 ఏళ్ల మనిషికి షుగర్ వచ్చి, చిన్నప్పటి నుంచి కడుపునొప్పి ఉండి ఉంటే పాంక్రియాస్ స్కాన్ అడగండి.

కొవ్వుతో పాటు పోయేవి విటమిన్ ఎ, డి, ఇ, కె. చీకట్లో చూపు ఆనకపోవడం, చిన్న దెబ్బకే నీలం మచ్చలు, నడుము, తొడ ఎముకల నొప్పులు వీటి గుర్తులు. విటమిన్ డి ఏటా, ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ డాక్టరు చెప్పినప్పుడల్లా.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

పాంక్రియాస్ వెనకాలే ప్లీహం సిర పోతుంది. వాపు వల్ల అందులో రక్తం గడ్డకడితే కడుపులోని సిరలు ఉబ్బి పగులుతాయి. రక్తపు వాంతి, లేదా తారులాంటి నల్లటి విరేచనం దాని గుర్తు. పక్కనున్న ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బి పగలడం ఇంకా ప్రమాదకరం: హఠాత్తుగా నొప్పి, కళ్లు తిరగడం, చల్లని చెమట. ఈ రెండింటికీ ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి, రేడియాలజీ, ఎండోస్కోపీ రాత్రిపూట కూడా ఉండే పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్లమనండి.

పాంక్రియాస్ తల గట్టిపడి పిత్తనాళాన్ని నొక్కితే కామెర్లు వస్తాయి: కళ్లు పసుపు, మూత్రం ముదురు, మలం తెల్లగా, ఒళ్లంతా దురద. దీనికి ఆకు పసరు మందులు పనికిరావు, అడ్డం తీయాల్సిందే. చలిజ్వరం కూడా తోడైతే నాళంలో చీము పట్టినట్టే, అదే రోజు వెళ్లాలి. తిన్న గంటల తర్వాత కూడా అరగని అన్నం వాంతిలో పడుతుంటే పేగు మొదలు మూసుకుపోతోందేమో చూడాలి.

పాంక్రియాస్ దగ్గర కట్టే నీటి తిత్తులు చిన్నవై, ఇబ్బంది పెట్టకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు. రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండి, పొట్టలో గడ్డ తగిలి, జ్వరం వస్తే మాత్రం తీయించాలి.

నాళం లోపల పగిలి రసం కారితే పొట్టలో గానీ, ఊపిరితిత్తి చుట్టూ గానీ, తరచుగా ఎడమవైపు, నీరు చేరుతుంది. మన దగ్గర ఊపిరితిత్తి చుట్టూ నీరంటే టీబీ మీదికీ, పొట్టలో నీరంటే లివర్ మీదికీ ఆలోచన పోతుంది, పైగా మద్యం తాగే మనిషైతే ఇక అనుమానమే ఉండదు. తీసిన నీటిని అమైలేజ్‌కి కూడా పంపమని అడగండి. ఆ ఒక్క పరీక్షే దారి మార్చేస్తుంది.

క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువే, పొగతాగేవాళ్లకూ వంశపారంపర్యంగా ఈ జబ్బు ఉన్నవాళ్లకూ ఇంకా ఎక్కువ. ఎంజైమ్‌లు సరిగా వేసుకుంటున్నా బరువు తగ్గడం, ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న నొప్పి మారిపోవడం, అదుపులో ఉన్న షుగర్ ఉన్నట్టుండి తప్పిపోవడం, కొత్తగా కామెర్లు: ఇవి కొత్త స్కాన్‌కు కారణాలు. పాత రిపోర్టు చూపించి సరిపెట్టుకోకూడదు.

మద్యం, పొగ, ఇంట్లో వచ్చే ప్రశ్న

బీరైనా, కల్లైనా, దావత్‌లో ఒక్క పెగ్గైనా ఈ గ్రంథికి తేడా తెలియదు. సురక్షితమైన మోతాదు అంటూ లేదు. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, కాబట్టి ఆపడం డాక్టరు సాయంతో చేయాలి. సిగరెట్, బీడీ మద్యంతో సంబంధం లేకుండానే జబ్బును తోస్తాయి, రాళ్లు కట్టడాన్ని వేగం చేస్తాయి. మద్యం మానేసి సిగరెట్ పట్టుకున్నవాళ్లు సగం పనే చేసినట్టు.

దక్షిణాదిలో ఎన్నడూ చుక్క ముట్టనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది, చిన్న వయసులోనే. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, ఏఐజీ శాస్త్రవేత్తలు కలిసి 2002లో ప్రచురించిన పని ప్రకారం స్పింక్1 అనే జన్యువులో మార్పుకు దీనితో గట్టి సంబంధం ఉంది. కర్రపెండలం వల్లేనన్న పాత అనుమానం రుజువు కాలేదు. కాబట్టి ఇంట్లో, ఆఫీసులో "తాగకుండా ఎట్లా వస్తది" అని నిలదీయడం అన్యాయం. రక్తంలో కాల్షియం, ట్రైగ్లిజరైడ్లు ఒకసారి చూసి, పారాథైరాయిడ్ (మెడలో కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి) జబ్బు లాంటి కారణాలు లేవని తేల్చుకోవడం మాత్రం అవసరం.

ఫైలులో ఏముండాలి

సీటీ, ఎంఆర్‌సీపీ సీడీలు (కాగితం రిపోర్టు ఒక్కటే చాలదు, డాక్టరు బొమ్మలు చూస్తారు), స్టెంట్ వేసిన తేదీ, తీయాల్సిన తేదీ పెద్ద అక్షరాల్లో, నొప్పి నోటుబుక్, బరువుల పట్టిక, రోజుకు ఎన్ని ఎంజైమ్ యూనిట్లు వేసుకుంటున్నారో ఒక చీటీ. స్టెంట్ ఉందన్న సంగతే మరచిపోయి, నెలలు దాటి మూసుకుపోయాక జ్వరంతో వచ్చేవాళ్లున్నారు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో గ్యాస్ట్రోఎంటరాలజీ ఓపీలున్నాయి. ఓపీ రోజులు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మీకు చేయబోయే చికిత్స అందులో ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి.